పంజరానికీ పిల్లలకూ నడుమ మూడడుగులు

మా అమ్మాయికి ఆరేళ్లు, చిన్నవాడికి రెండున్నరేళ్లు ఉన్నప్పుడు మేము ఇంట్లోకి ఒక కాక్టీల్ చిలుకను తెచ్చుకున్నాం. చిలుక కావాలని పట్టుబట్టింది అమ్మాయే అయినా నిర్ణయం మాత్రం మాది. 90 గ్రాములకు అటూ ఇటూగా తూగే ఆ పిట్ట చక్కగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ల దాకా బతుకుతుంది. అంటే ఇవాళ దాన్ని అడిగిన పిల్ల చదువు ముగించుకుని తన దారిన తాను వెళ్లిన తర్వాత కూడా అది మా దగ్గరే ఉండవచ్చు. ఆ లెక్క వేసుకున్న రోజే "పిల్లల కోసం చిలుకను తెస్తున్నాం" అనడం మానుకున్నాం.

ఏ చిలుక అన్న విషయం మీద నేనూ మావారూ చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. బడ్జీలనే బుల్లి చిలుకలు సాధారణంగా 30 నుంచి 40 గ్రాములే ఉంటాయి. పసివాడి గుప్పిట్లో పడితే ఏమవుతుందోనని భయం వేసింది. మకావ్, కాకటూ వంటి పెద్ద చిలుకల ముక్కుకు గట్టి పెంకు కాయలను పగలగొట్టే బలం ఉంటుంది కనుక వాటి ఊసే ఎత్తలేదు. చివరికి కాక్టీల్ దగ్గర ఆగాం. నన్ను ఒప్పించింది దాని తలమీది కుచ్చు. అది నిటారుగా లేస్తే పిట్ట ఉలిక్కిపడిందనో, దేన్నో గమనిస్తోందనో అర్థం. వెనక్కి అణిగి తలకు అతుక్కుపోయి, దానికి తోడు బుస కూడా వినిపిస్తే దగ్గరికి రావద్దని అర్థం. సగం వాలి ఉంటే నెమ్మదిగా, నిశ్చింతగా ఉందన్నమాట. అక్షరాలు రాని పిల్లవాడు కూడా ఈ మూడింటినీ గుర్తుపట్టగలడని అనుకున్నాను, ఆ అంచనా తప్పలేదు.

తెచ్చుకునే ముందు ఇద్దరు వైద్యులతో మాట్లాడాం. కాక్టీల్ ఈకల నుంచి తెల్లని మెత్తని పొడి ఎప్పుడూ రాలుతూ ఉంటుంది కనుక ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గాని, అలర్జీ గాని ఉందా అని పిల్లల డాక్టరు మొదట అడిగారు. అయిదేళ్లలోపు పిల్లలకు జంతువుల నుంచి వచ్చే సూక్ష్మజీవుల బెడద ఎక్కువ కాబట్టి చిన్నవాడి విషయంలో చేతుల శుభ్రత దగ్గర రాజీ పడవద్దన్నారు. పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడు పక్షుల నుంచి మనుషులకు అంటే సిట్టకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు గురించి వివరించారు. ఆ బ్యాక్టీరియా సోకిన పక్షి రెట్ట ఎండి, ధూళిగా లేచి, మనిషి ఊపిరిలోకి వెళితే జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తాయి. దానికి మందులు ఉన్నాయి, అయితే ఇంట్లో పక్షి ఉందన్న సంగతి డాక్టరుకు మనమే చెప్పాలి. ఆయన పిట్టను పరీక్షించిన తర్వాతే ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటి నుంచి ఇవాళ్టి వరకు పంజరం అడుగున పరిచే కాగితాన్ని తడిపిన తర్వాతే తీస్తున్నాం; ఆ పని నేను గాని మావారు గాని మాస్కు పెట్టుకుని చేస్తాం, పిల్లలు ఆ గదిలో ఉండరు.

వంటింట్లోనూ కొన్ని మార్పులు తప్పలేదు. నాన్‌స్టిక్ పాత్ర బాగా కాగి మాడినప్పుడు వచ్చే పొగ మనకు పెద్దగా తెలియకపోయినా పక్షిని నిమిషాల్లో చంపగలదు. అందుకని ఆ పెనాలను మూటకట్టి పక్కన పెట్టేశాను. అవకాడో, చాక్లెట్, ఉల్లి, ఉప్పు వేసిన చిరుతిళ్లు దానికి పెట్టకూడదన్నది పెద్దవాళ్లకు తేలికగానే వంటబట్టింది. పిల్లలతోనే చిక్కు వచ్చింది, ఎందుకంటే చిన్నవాడికి ప్రేమ అంటే నోట్లోది తీసి ఎదుటివాళ్లకు పెట్టడమే. మన నోటిలోని బ్యాక్టీరియా పక్షికి మంచిది కాదని వాడికి ఎలా చెప్పాలో తెలియక "పిట్టకు ఎంగిలి పడదు" అని ఒకే మాట పట్టుకున్నాను. ఆశ్చర్యంగా ఆ మాట పనిచేసింది. ముద్దులు కూడా దానితోనే ఆగిపోయాయి.

మొదటి రెండు వారాలు పంజరం చుట్టూ నేల మీద రంగు టేపు అతికించి, గీతకూ పంజరానికీ నడుమ మూడడుగులు వదిలాం. ఆ గీత అవతల కూర్చుని అమ్మాయి రోజూ సాయంత్రం తన పాఠ్యపుస్తకం పైకి చదివేది. తొలి రోజుల్లో గొంతు వినగానే పిట్ట కుచ్చు నిక్కబొడుచుకునేది. పదో రోజుకు అది ఒంటికాలి మీద నిలబడి వినసాగింది. చిన్నవాడికి మాత్రం గీత అంటే దాటి చూడవలసిన వస్తువు.

మూడో వారంలో నా పొరపాటు వల్లనే దెబ్బ తగిలింది. ఫోను మోగితే పక్క గదిలోకి వెళ్లాను, మహా అయితే రెండు నిమిషాలు. కడ్డీల మధ్య 1.5 సెంటీమీటర్ల సందు పిట్ట తల దూరకుండా సరిపోతుంది గాని, చిన్నపిల్లవాడి వేలు అందులోకి హాయిగా వెళ్తుంది. వాడు వేలు పెట్టాడు, అది కొరికింది, రెండు రక్తపు బొట్లు వచ్చాయి. సబ్బునీళ్లతో కడిగి, డాక్టరుకు చూపించి వచ్చాం. గాయం మూడు రోజుల్లో మానింది. అయితే నేను వేసిన కేక మానలేదు. ఆ అరుపుకు పిట్ట పంజరమంతా కొట్టుకుని తోక ఈక ఒకటి రాల్చుకుంది, తర్వాత నాలుగు రోజులు నా చేతి దగ్గరికి కూడా రాలేదు. కుచ్చు అణిచి, బుసకొట్టి అది ముందే హెచ్చరించిందని, ఆ సమయంలో అక్కడే ఉన్న అమ్మాయి తర్వాత చెప్పింది. పిట్ట తన భాషలో వద్దని చెప్పింది, వినేందుకు పెద్దవాళ్లెవరూ దగ్గర లేరు.

ఆ మర్నాడే పంజరాన్ని నా ఛాతీ ఎత్తుకు వచ్చేలా కదలని బల్ల మీదికి మార్చి, ఒక వైపు గోడకు ఆనించాం. తలుపుకు అదనంగా ఒక కొక్కెం కూడా పెట్టాం. దాన్ని చిన్నవాడి కోసం పెట్టాను గాని, ముక్కుతో గడియ ఎత్తడం నేర్చుకున్న పిట్టకే అది ఎక్కువ అవసరమని తర్వాత తెలిసింది.

అసలు శిక్షణ అప్పుడు మొదలైంది. మొదట ఒక దూది బొమ్మతో సాధన చేయించాను: బొమ్మ పక్కన కూర్చోవడం, ఒకే వేలితో తల వెనక మెల్లగా నిమరడం, అంతకు మించి ఏమీ లేదు. గుప్పిట పట్టడం ఎందుకు కూడదో అమ్మాయికి విడమరచి చెప్పాను. మనకున్నట్టు పక్షికి ఊపిరితిత్తుల కింద కదిలే కండర పొర లేదు; దాని రొమ్ము ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. ముక్కు తెరిచే ఉన్నా, ఒంటి చుట్టూ చేయి బిగిస్తే దానికి ఊపిరాడదు. ఇది విన్న తర్వాత తమ్ముడికి నా కన్నా గట్టి కాపలా అమ్మాయే కాసింది.

పిట్టకు నేను నేర్పింది సన్నని పుల్ల కొనను ముక్కుతో తాకడం. తాకగానే "శభాష్" అనడం, కొర్రకంకి నుంచి రెండు గింజలు ఇవ్వడం. అయిదు నిమిషాలకు మించి ఎప్పుడూ సాగదీయలేదు. పుల్లను వెంబడిస్తూ అది నా వేలి మీదికి ఎక్కడానికి నెలన్నర పట్టింది. ఆ తర్వాతే అమ్మాయి చేతికి పుల్ల ఇచ్చాను, నేను పక్కనే ఉండి. ఇక్కడ మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: కాళ్లకు కాస్త పైన, పొట్ట దగ్గర వేలు ఉంచి ఎక్కమని అడగాలి, అది వెనక్కి వాలినా, కుచ్చు అణిచినా రెండోసారి అడగకూడదు. అమ్మాయికి ఇది మొదట అవమానంగా తోచింది. "నేను పిలిస్తే రాదా అమ్మా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. రానని చెప్పే వీలు ఉన్న పిట్టకు కొరకవలసిన పని ఉండదని నేను చెప్పిన సమాధానం ఆ రోజు అమ్మాయికి రుచించలేదు.

పంజరం తలుపు తెరిచే వేళకు పని మరింత ఉంటుంది. రెక్కల ఈకలు కత్తిరించకూడదని నిర్ణయించుకున్నాం కనుక ముందు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అద్దాలకు తెరలు లాగి, నీళ్ల బకెట్లకు మూతలు పెడతాం. "పిట్ట బయట ఉంది" అని ఒకరు పైకి చెప్పగానే పిల్లలు ఎక్కడున్నా నేల మీద కూర్చుంటారు. నేల మీద నడిచే చిలుకను పరుగెత్తే పిల్లల కాళ్ల నుంచి కాపాడేందుకు ఇంతకన్నా సులువైన మార్గం నాకు దొరకలేదు. పొద్దునా సాయంత్రమూ దాని అరుపుల సంగతి వేరు. తన గుంపు ఎక్కడుందో కనుక్కోవడం చిలుకల స్వభావం. చిన్నవాడు దానితో పోటీపడి అరవడం వల్ల అది ఇంకా పెచ్చరిల్లింది. అరుపుకు కాకుండా దాని ఈలకు మాత్రమే అందరం ఈలతో బదులివ్వడం అలవాటు చేసుకున్నాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. రాత్రి పది, పన్నెండు గంటల నిద్ర దానికి కావాలి కాబట్టి పిల్లలు కూడా పెందలాడే పడుకుంటున్నారు. ఇది నేను ఆశించని లాభం.

ఏడాదిన్నర గడిచింది. పక్షులు తమ జబ్బును చివరిదాకా దాచుకుంటాయి గనుక ప్రతి ఆదివారం పొద్దున్నే దాన్ని గ్రాముల తూకం మీదికి పిలుస్తాం. పుల్ల అమ్మాయి పట్టుకుంటుంది, అంకె నేను పుస్తకంలో రాస్తాను. మొన్న 93 వచ్చింది. నాలుగేళ్లు నిండిన చిన్నవాడు తన వంతుగా చూపుడువేలు చాచాడు. పిట్ట కుచ్చు అణిచి పక్కకు జరిగింది. వాడు వేలు వెనక్కి తీసుకుని, "ఇప్పుడు వద్దంట" అని మాకు చెప్పి బొమ్మల దగ్గరికి వెళ్లిపోయాడు.