తూము తీశానన్నాడు

పొద్దున్న ఐదున్నరకే మెలకువ వచ్చేసింది. ఫ్యాన్ ఆగితే మన ఇళ్ళల్లో అలారం అక్కర్లేదు కదా. రాత్రి గాలివానకి ఎక్కడో కొబ్బరి మట్ట తీగల మీద పడి ఉంటుంది, మా వైపు కరెంటు పోయిందంటే సగంసార్లు కారణం అదే. ఇన్వర్టర్ మీద రూటరు, ఒక్క ఫ్యానూ ఉంచి మిగతావన్నీ కట్టేసి, లాప్‌టాప్ పట్టుకుని అరుగు మీదకి వచ్చేసరికి నాన్న పార భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు. సార్వా ఊడ్పులు నడుస్తున్నాయి, నీళ్ళు అందక మాకింకా ఎకరం మిగిలిపోయింది.

మాది రాజోలు వైపు. ధవళేశ్వరం దగ్గర కాలువలోకి వదిలిన నీళ్ళు పి.గన్నవరంలో అక్విడక్టు మీద వైనతేయ పాయని దాటుకుని ఇంత దూరం రావాలి, ఈలోగా పైనున్న వాళ్ళందరి చేలూ తడవాలి, ఆ తర్వాత మా వంతు. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకి ఇప్పటికీ దండలు వేస్తాం గానీ, శివారు రైతు బాధ శివారు రైతుదే. రాత్రే లస్కరు, అంటే కాలువ తూములు చూసుకునే మనిషి, ఫోన్ చేసి "తూము తీశానండి బాబూ, ఆయ్" అన్నాడు. మరి ఇంత పొద్దున్నే వెళ్ళడం దేనికి, కాసేపాగి వెళ్ళొచ్చు కదా అన్నాను. నాన్న నావైపు అదోలా చూసి, "తీశానన్నాడురా. నీళ్ళు వచ్చాయని అనలేదు కదా" అనేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు, ఎందుకంటే మూడు వారాలుగా నేను చేస్తున్న పని కూడా అదే, అదీ సరిగ్గా చేయకుండా.

మా కంపెనీ ఒక చిన్న పెట్టె లాంటి పరికరం తయారు చేస్తోంది. దాంట్లో మెమరీ తక్కువ, అందుకని సొంతంగా ఒక చిన్న యూనిక్స్ షెల్ రాసుకున్నారు, షెల్ అంటే మనం కొట్టిన కమాండ్లని అందుకుని నడిపించే ప్రోగ్రాము. దాని బిల్టిన్ కమాండ్లన్నీ టెస్ట్ చేయడం నా వంతు. సీడీ, ఎకో, రీడ్, టెస్ట్, ట్రాప్, షిఫ్ట్, ఇలాంటివి. అమ్మ ఒకసారి అడిగితే సీడీ అంటే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళమనే ఆర్డరు అని చెప్పాను. "వెళ్ళిందో లేదో చూడ్డానికి నీకు జీతం ఇస్తారా?" అంది. ఇస్తారమ్మా, ఒకటో తారీఖున.

షెల్లో మనం కొట్టే కమాండ్లలో చాలావరకు డిస్కు మీద విడిగా ఉండే ప్రోగ్రాములే. షెల్ ఒక పిల్ల ప్రాసెస్‌ని, అంటే విడిగా నడిచే ఇంకో ప్రోగ్రాముని, పుట్టించి, పని దానికి అప్పజెప్పి, అయ్యేదాకా కాచుకుని ఉంటుంది. బిల్టిన్ అంటే అలా కాదు, షెల్ తన చేతులతో తానే చేసుకునే పని. సీడీ తప్పనిసరిగా బిల్టినే అయి తీరాలి, ఎందుకంటే పిల్ల ప్రాసెస్ ఎక్కడికి వెళ్ళినా తల్లి ఉన్నచోటే ఉంటుంది, పిల్లాడు సంతకి వెళ్తే అమ్మ సంతలో ఉన్నట్టు కాదుగా. ఈ సంగతి యూనిక్స్ పుట్టించినవాళ్ళకే మొదట తట్టలేదు. అప్పట్లో డైరెక్టరీ మార్చేది మామూలు కమాండే, పిల్ల ప్రాసెస్‌ని పుట్టించే ఫోర్క్ వచ్చి ప్రతి కమాండూ కొత్త ప్రాసెస్‌లో నడవడం మొదలవగానే అది ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందట, ఎందుకో అర్థం కాక కోడ్ అంతా చదివితే గానీ దొరకలేదని వాళ్ళలో ఒకడైన డెనిస్ రిచీ తన వ్యాసంలో రాశాడు. అంతటివాళ్ళకే అలా అయితే మనమెంత అని నేను తరచూ సర్ది చెప్పుకుంటూ ఉంటాను.

సరే, టెస్టింగ్. ప్రతి కమాండూ పని అయ్యాక ఒక అంకె వదిలి వెళ్తుంది, దాన్ని ఎగ్జిట్ స్టేటస్ అంటారు. సున్నా వస్తే పాసు, ఇంకేం వచ్చినా ఫెయిలు, మన స్కూలు మార్కులకి సరిగ్గా తిరగేసి. నేను రాసిన మొదటి వంద టెస్టులూ ఇదొక్కటే చూశాయి. సీడీ కొట్టడం, డాలరు పక్కన క్వశ్చన్ మార్కు పెట్టి అడగడం, సున్నా అంటే పచ్చ టిక్కు పెట్టడం. అంటే లస్కరు ఫోన్ చేశాడు, నేను పడుకున్నాను. పొద్దున్న అరుగు మీద కూర్చుని, టిక్కు పక్కన ఇంకో ప్రశ్న చేర్చాను, సీడీ అయ్యాక, ఇప్పుడు ఎక్కడున్నామో చెప్పే పీడబ్ల్యూడీ ఏమంటోంది అని. అరగంటలో తేలింది, మా షెల్ డైరెక్టరీ మారుస్తోంది, సున్నా కూడా ఇస్తోంది, కానీ సింబాలిక్ లింకు (వేరేచోట ఉన్న ఫోల్డరుకి దారి చూపే మారుపేరు) గుండా లోపలికి వెళ్ళి సీడీ చుక్క చుక్క, అంటే ఒక మెట్టు వెనక్కి, అంటే వచ్చిన దారిన కాకుండా అసలు ఫోల్డరు ఉన్న వైపు తేలుతోంది. దొడ్డిదారిన పక్కింట్లోకి వెళ్ళి, వెనక్కి రమ్మంటే వాళ్ళ వీధి గుమ్మంలోంచి బయటపడ్డట్టు. అలా కావాలంటే మైనస్ పెద్ద పీ పెట్టి అడగాలి, ఏమీ పెట్టకపోతే వచ్చిన దారినే పోవాలని, యూనిక్స్ లాంటి వాటన్నిటికీ ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణం చెబుతోంది. మూడు వారాలుగా ఇది పచ్చ టిక్కు కింద హాయిగా నిద్రపోతోంది.

తొమ్మిదిన్నరకి నాన్న మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. తూము నిజంగానే తీశారట. కల్వర్టు దగ్గర గుర్రపుడెక్క అడ్డంపడి నీళ్ళు అక్కడే ఆగిపోయాయి, ఈయనా ఇంకో ఇద్దరూ దిగి లాగేశారు. "లస్కరు అబద్ధమాడలేదు" అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ, ఆ మాటలో కోపం కూడా లేదు.

పది గంటల మీటింగులో నా సీడీ సంగతి చెప్పాను, ఎవరూ ఏమీ అనలేదు, అందరి కెమెరాలూ ఆఫ్. ఎకో సంగతి మాత్రం పెద్ద గొడవైంది. ఎకో అంటే అందరికీ తెలిసిందే, ఏది చెబితే అది తిరిగి చెబుతుంది, దాంట్లో టెస్ట్ చేయడానికేముంది అనుకుంటారు. ఉబుంటులో 2006 నుంచి స్క్రిప్టులు నడిపే షెల్ డాష్, మనం కూర్చుని టైప్ చేసుకునేది బాష్. బాష్‌లో ఎకో మైనస్ ఈ అంటే బ్యాక్‌స్లాష్ ఎన్‌ని కొత్త లైనుగా మారుస్తుంది. డాష్ అడక్కుండానే మారుస్తుంది, పైగా మైనస్ ఈ అన్న మాటని కూడా యథాతథంగా అచ్చేస్తుంది. మాది ఎవరి పక్షం అన్నది ఇప్పటిదాకా ఎవరూ నిర్ణయించలేదు. నా ఓటు డాష్‌కి, నిజం చెప్పాలంటే అసలు స్క్రిప్టుల్లో ఎకో మానేసి ప్రింట్ఎఫ్ వాడుకోవాలని నా గట్టి అభిప్రాయం, కానీ నన్నెవరడిగారు.

మధ్యాహ్నం బీరకాయ రొయ్యలు. తిన్నాక నిద్ర ఆపుకోవడానికి రీడ్ పట్టుకున్నాను, ఒక్కో లైను చదివి వేరియబుల్‌లో పెట్టే కమాండు అది. ఒక ఫైలులో మూడు లైన్లు రాశాను, గౌతమి, వసిష్ఠ, వైనతేయ అని. వైనతేయ తర్వాత ఎంటర్ కొట్టలేదు, కావాలనే. వైల్ రీడ్ అని లూప్ పెట్టి చదివిస్తే బాష్‌లో, డాష్‌లో రెండు పాయలే వస్తాయి, వైనతేయ మాయం. పోయిందా అంటే పోలేదు, లూప్ బయటికొచ్చి వేరియబుల్‌ని అడిగితే అందులోనే ఉంటుంది. చివర కొత్త లైను గుర్తు కనబడకుండా ఫైలు అయిపోయింది కాబట్టి రీడ్ చదివినదాన్ని దాచి, సున్నా కాని అంకె వదులుతుంది, అది చూసి లూప్ ఆగిపోతుంది. మా షెల్లో మాత్రం మూడూ వచ్చాయి! ఒక్క నిమిషం సంతోషం వేసింది, తర్వాత తలపట్టుకున్నాను, ఎందుకంటే ప్రమాణం ప్రకారం మాదే తప్పు. ఆ కోడ్ రాసిన కుర్రాడికి ఫోన్ చేస్తే "అన్నా, ఆఖరి లైను పోతోందని నేనే బాగుచేశాను" అన్నాడు గర్వంగా. వాడు చెప్పేదే న్యాయంగా ఉంది, శివారు పాయని వదిలేయడం నాకూ ఇష్టం లేదు. అయినా బగ్ రాశాను. వేరే షెల్ కోసం రాసిన స్క్రిప్టులు రేపు మా పెట్టెలో నడవాలి, అవి ఆ సున్నా కాని అంకె కోసమే ఎదురుచూస్తూ ఉంటాయి.

అసలు సంగతి ఇంకా రాయలేదు, రాయడానికి సిగ్గేసి వాయిదా వేస్తున్నాను.

నాలుగింటికి టెస్టులు నడిపే స్క్రిప్టు చివర ఒక లైను చేర్చాను, ఎంత చెత్త పోగవుతోందో చూసి చిరాకేసి. స్క్రిప్టు మొదట్లో టెంప్ అనే ఫోల్డరు తయారు చేసి, సీడీ టెంప్ అని లోపలికి వెళ్ళి, అక్కడ పనంతా చేస్తుంది. చివర అక్కడున్నవన్నీ తుడిచెయ్ అని రాశాను, ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్ నక్షత్రం గుర్తు. నడిపాను. అన్నీ పాసు. తీరా చూస్తే స్క్రిప్టు పక్కనున్న టెంప్ ముందు నుంచీ ఖాళీయే, దాంట్లో ఎవరూ ఎప్పుడూ కాలు పెట్టిన దాఖలా లేదు. మరి తుడిచిందేమిటి?

నా హోమ్ ఫోల్డర్‌లో ఇంకో టెంప్ ఉంది. రెండేళ్ళ కిందట నాన్న పొలం కాగితాలు, పాసు పుస్తకం, నీటి తీరువా రసీదులు స్కాన్ చేసి "ప్రస్తుతానికి ఇక్కడ ఉంచుదాం" అని పెట్టింది అందులోనే. ఆర్ఎమ్‌కి చెత్తబుట్ట ఉండదు, వెనక్కి తెచ్చుకోవడానికి.

కారణం దొరకడానికి గంట పట్టింది. ఎప్పుడో నాలుగేళ్ళ కిందట నా ప్రొఫైల్ ఫైలులో సీడీపాత్ అనే వేరియబుల్‌లో హోమ్ అని పెట్టుకున్నాను, ఎక్కడ ఉన్నా సీడీ ఫలానా అంటే హోమ్‌లోని ఫోల్డరుకి పోతుందని, అదో సుఖం. అది ఉంటే సీడీ ముందు అక్కడ వెతుకుతుంది, అక్కడ దొరకకపోతేనే ఉన్నచోట చూస్తుంది. టెంప్ అక్కడ దొరికింది, వెళ్ళిపోయింది. అదైనా నా వరకే ఉండాల్సింది, కానీ ఆ లైను ముందు ఎక్స్‌పోర్ట్ అని రాశాను, ఆ మాట లేకపోతే నేను నడిపే స్క్రిప్టుకి ఆ వేరియబుల్ అందేదే కాదు. ఎందుకు రాశానంటే, అందరూ రాస్తారని.

మామూలుగా సీడీ నోరు మెదపదు. సీడీపాత్ పట్టుకుని వెళ్తే మాత్రం, ఎక్కడ తేలిందో పూర్తి దారి ఒక లైను అచ్చేస్తుంది. నా లాగ్ ఫైళ్ళు వెనక్కి తిప్పి చూశాను. మూడు వారాలుగా ప్రతి రన్‌లోనూ మొదటి లైను అదే, హోమ్, స్లాష్, టెంప్. రోజూ చెబుతూనే ఉంది పాపం. నేను కిందకి జరిపి పచ్చ టిక్కులు లెక్కపెట్టుకుంటున్నాను.

స్క్రిప్టులో పైనే అన్‌సెట్ సీడీపాత్ అని పెట్టాను. సీడీ టెంప్‌ని సీడీ చుక్క స్లాష్ టెంప్ చేశాను, చుక్కతో మొదలైతే సీడీపాత్ జోలికి పోదు. సీడీ తర్వాత పీడబ్ల్యూడీ అడిగి, అనుకున్న చోటు కాకపోతే అక్కడికక్కడే ఆగిపొమ్మన్నాను. ఆ తర్వాతే తుడవడం.

అమ్మని బీరువా తాళం అడిగాను. ఎందుకని అడిగింది, చెప్పాను, ఐదు నిమిషాలు నవ్వింది. అసలు కాగితాలు భద్రంగానే ఉన్నాయి కాబట్టి నవ్వింది, లేకపోతే ఇవాళ రాత్రి నాకు అన్నం అరుగు మీదే. కరెంటు అప్పటికి వచ్చింది. పదకొండు కాగితాలు, ఒక్కొక్కటీ ట్యూబ్‌లైటు కింద ఫోన్‌తో స్కాన్ చేసి, ఈసారి "నాన్న కాగితాలు" అని తెలుగులోనే ఫోల్డరు పేరు పెట్టాను.

నాన్న భోజనం చేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. సాయంత్రం కూడా చేలోకి వెళ్ళొచ్చాడు, బోదె నిండా పారుతోందట, ఎల్లుండికి ఊడ్పు మనుషుల్ని మాట్లాడాడట.

"మళ్ళీ ఎక్కించేశాను నాన్నా, అన్నీ ఉన్నాయి" అన్నాను.

"ఏదీ" అని ఫోన్ తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, పాసు పుస్తకం మొదటి పేజీ దగ్గర్నుంచి ఒక్కొక్కటీ వేలితో పక్కకి జరుపుతూ, పెదాలు కదుపుతూ, పదకొండు దాకా లెక్కపెట్టుకున్నాడు.