ఒక యాంటీబాడీ అడ్డుపడింది, మరో యాంటీబాడీ ఆదుకుంది

మా బాబుకి తీవ్రమైన హీమోఫీలియా ఎ. అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒంట్లో ఒక శాతం కూడా లేదు. వాడిని ఫ్యాక్టర్ నుంచి ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కి మార్చేటప్పుడు మాకు అడుగడుగునా సందేహాలే. ఆ మందు మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఒక్కరు కూడా మాకు తెలియదు. అందుకే మేం పడినదంతా వివరంగా రాస్తున్నాను.

ఈ జబ్బు మా పుట్టింటికి కొత్త కాదు. మా అన్నయ్యకీ ఉంది. ఆయన చిన్నప్పుడు ప్లాస్మా ఎక్కించడం తప్ప మా ఊళ్లో వేరే వైద్యం లేదు. కీళ్లలో పదే పదే రక్తం కారి రెండు మోకాళ్లూ బిగుసుకుపోయాయి. నలభై ఏళ్లు నిండకముందే చేతికర్ర పట్టాడు. బాబు పాకడం మొదలుపెట్టాక మోకాళ్ల మీద కమిలిన మచ్చలు కనిపించగానే నా గుండె జారిపోయింది. రక్తపరీక్ష చేయించేదాకా నిద్ర పట్టలేదు.

వారానికి మూడుసార్లు ఫ్యాక్టర్ ఇచ్చేవాళ్లం. పొడి ఉన్న సీసాలో నీళ్లు కలిపి, కుదపకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పి, నురుగు రాకుండా సిరంజిలోకి లాగి, బటర్‌ఫ్లై సూదితో నరంలోకి ఎక్కించాలి. చిన్నపిల్లలకి నరం దొరకదు. ఒక చేయి చూశాక రెండో చేయి, అదీ కాకపోతే పాదం. డబ్బా తీసిన చప్పుడు వింటే చాలు, వాడు మంచం కిందికి దూరేవాడు.

అంత కష్టపడి ఇస్తున్న ఫ్యాక్టర్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. ఎడమ మోకాలు వాచింది. డోసు పెంచినా దిగలేదు. హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టరు) ఇన్హిబిటర్, అంటే ఫ్యాక్టర్‌ను అడ్డుకునే యాంటీబాడీ, ఉందేమో చూసే పరీక్ష రాశారు. దాన్ని బెథెస్డా యూనిట్లలో కొలుస్తారు. 5 దాటితే ఎక్కువ కిందే లెక్క. వాడిది అంతకు చాలా పైన ఉంది. పుట్టుకతో లేని ఫ్యాక్టర్ 8 బయటి నుంచి వచ్చేసరికి ఒళ్లు దాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేసింది. ఇచ్చిన మందునల్లా అవి పట్టేసుకుంటున్నాయి. తీవ్ర హీమోఫీలియా ఎ ఉన్నవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఇలా అవుతుందట.

అప్పుడే జన్యుపరీక్ష కూడా చేయించమన్నారు. రిపోర్టులో ఇంట్రాన్ 22 ఇన్వర్షన్ అని వచ్చింది. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఎఫ్8 జన్యువులో పెద్ద ముక్క ఒకటి తలకిందులుగా తిరిగి అతుక్కుందని డాక్టరు కాగితం మీద గీసి చూపించారు. ఈ మార్పును 1993లో గుర్తించారు. తీవ్ర హీమోఫీలియా ఎ కేసుల్లో దాదాపు సగానికి ఇదే కారణం. ఇలాంటి పెద్ద మార్పు ఉన్నవాళ్లకి ఇన్హిబిటర్ వచ్చే అవకాశం కూడా ఎక్కువే. మా అత్తగారు అన్నాళ్లూ "గర్భంతో ఉన్నప్పుడు సరిగా తినలేదు" అంటూ ఉండేవారు. ఆ కాగితం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. ఆ తర్వాత ఆ మాట మళ్లీ వినలేదు.

ఎమిసిజుమాబ్ గురించి డాక్టరు చెప్పినప్పుడు నాకు మొదట భయమే వేసింది. యాంటీబాడీల వల్లే ఇంత కష్టం వస్తే మళ్లీ యాంటీబాడీయే మందా? ఆయన ఓపిగ్గా చెప్పారు. మామూలు యాంటీబాడీ రెండు చేతులతో ఒకే రకం వస్తువును పట్టుకుంటుంది. ఇది గడ్డకట్టడానికి కావాల్సిన మరో రెండు ప్రోటీన్లను, ఒక చేత్తో ఫ్యాక్టర్ 9ఎని, ఇంకో చేత్తో ఫ్యాక్టర్ 10ని పట్టుకుని రెండింటినీ పక్కపక్కకు తెస్తుంది. ఒంట్లో ఫ్యాక్టర్ 8 చేసే పెళ్లిళ్ల పేరయ్య పని కూడా అదే. కానీ దీని రూపం ఫ్యాక్టర్ 8లా ఉండదు కాబట్టి ఇన్హిబిటర్ దీన్ని గుర్తుపట్టలేదు. జపాన్‌లో చుగాయ్ కంపెనీ శాస్త్రవేత్తలు సుమారు 40 వేల జతల యాంటీబాడీలను పరీక్షించి సరైనది వెతికారని, దొరికినదాన్ని మళ్లీ మార్చి మార్చి చెక్కారని తర్వాత చదివాను. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. ఆ 40 వేలు ఓపిగ్గా చూసినవాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మందు ఖరీదు మా తాహతుకు మించినది. హీమోఫీలియా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది కాబట్టి ముందే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) చేయించి ఉంచాం. దాంతోపాటు ఇన్హిబిటర్ రిపోర్టు, జన్యుపరీక్ష, బ్లీడ్ల (రక్తస్రావాల) వివరాలు రాసుకున్న నోటుబుక్కు పెట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో దరఖాస్తు చేశాం. ఆ నోటుబుక్కే మాకు ఎక్కువ ఉపయోగపడింది. ఏ కీలు, ఏ తేదీ, ఎన్ని యూనిట్లు అని వరుసగా రాసి ఉంది. మధ్యలో మందు వస్తుందో రాదో తెలియని రోజులు మహా టెన్షన్.

మొదటి నాలుగు వారాలు బరువును బట్టి కిలోకి 3 మిల్లీగ్రాముల చొప్పున వారానికోసారి ఇస్తారు. ఆ తర్వాత వారానికి, రెండు వారాలకి, లేదా నాలుగు వారాలకి ఒకసారి. మేం రెండు వారాలది ఎంచుకున్నాం. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి, బొడ్డుకి రెండంగుళాల అవతల చర్మాన్ని పట్టుకుని కిందికి పొడవడమే. నరంతో పని లేదు. సీసాల్లో మందు సాంద్రత వేరువేరుగా ఉంటుంది. 30 మిల్లీగ్రాముల సీసానీ, మిగతావాటినీ ఒకే సిరంజిలో కలపకూడదని నర్సమ్మ గట్టిగా చెప్పి పంపారు.

ఇక్కడ ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. పన్ను నొప్పి అని బాబుని మా టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే ఏపీటీటీ పరీక్ష చేసి, "నార్మల్‌గా ఉందమ్మా, వీడికి హీమోఫీలియా ఏమీ లేదు, ఇప్పుడే పన్ను తీసేద్దాం" అన్నారు. ఎమిసిజుమాబ్ తీసుకునేవాళ్లకి ఆ పరీక్ష మామూలుగానే కనిపిస్తుంది. జబ్బు మాత్రం పోలేదు, తీవ్రం కాస్తా స్వల్పం అయిందంతే. నేను డాక్టరు ఇచ్చిన ఉత్తరం చూపించి, అక్కడి నుంచే మా హెమటాలజిస్టుకి ఫోన్ కలిపాను. ఆయన చెప్పిన జాగ్రత్తలతో ఇంకో రోజు తీశారు. ఆ ఉత్తరంలోనే ఇంకో హెచ్చరిక ఉంది: పెద్ద బ్లీడ్ అయితే ఇన్హిబిటర్ ఉన్నవాళ్లకి ఇచ్చే ఏపీసీసీ మందు సొంతంగా ఎక్కించొద్దు. అది ఎమిసిజుమాబ్‌తో కలిస్తే ప్రమాదకరంగా గడ్డలు కట్టవచ్చు. ఆ ఉత్తరం కాపీ స్కూల్లో, బ్యాగులో, వాళ్ల నాన్న ఫోన్‌లో ఉంది.

జన్యుచికిత్స గురించి కూడా అడిగాను. వెల్లూరు సీఎంసీలో రోగి సొంత మూలకణాల్లోకి జన్యువు ఎక్కించి ఐదుగురికి చేసిన చికిత్స ఫలితాలు 2024లో వచ్చాయి, వాళ్లలో రక్తస్రావాలు ఆగాయి. కాకపోతే వాళ్లంతా పెద్దవాళ్లు. బాబుకి ఇప్పుడు దాని ఆలోచన లేదు.

వాడి ఎడమ మోకాలు పూర్తిగా మడవదు. దానికి ఫిజియోథెరపీ నడుస్తోంది. బడిలో పరుగు తీస్తున్నాడు, సైకిల్ అడుగుతున్నాడు.

ఇంతలో మా అక్క కూతురు తనంతట తనే వచ్చి, "పిన్నీ, నేనూ పరీక్ష చేయించుకుంటా" అంది. డిగ్రీ చదువుతోంది, సంబంధాలు చూస్తున్నారు. తను కూడా క్యారియరే, అంటే ఈ జబ్బు జన్యువును మోస్తోంది. పెళ్లి సంబంధం ఏమవుతుందోనని అక్క బెంగపడింది కానీ, డాక్టరు ముందుగా అడిగింది వేరు: నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా అని. క్యారియర్లలో కొందరికి ఫ్యాక్టర్ స్థాయి తక్కువే ఉంటుందట. చిన్నప్పటి నుంచీ పోతోందని చెప్పింది. ఎవరూ అడగలేదు, ఇంట్లో మేమూ దాన్ని జబ్బుగా చూడలేదు. ఇప్పుడు తన ఫ్యాక్టర్ 8 స్థాయికి రక్తం ఇచ్చాం. రిపోర్టు వచ్చే వారం వస్తుంది.