అన్నట్టు అంటే బై ద వే

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ ఎదుట గట్టు మీద కూర్చుని అక్కతో గంటసేపు ఇంగ్లీషులోనే మాట్లాడాను. మొదటిసారి! ఇన్నాళ్లూ నాకు గ్రామర్ రాదనే అనుకున్నాను. అసలు ఇబ్బంది అది కాదు. ఒక సంగతి నుంచి ఇంకో సంగతికి వెళ్లలేక ఆగిపోయేదాన్ని. పోయిన నెల ఇంటర్వ్యూలోనూ అంతే, టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి.

అక్క మురీ మిక్చర్ పొట్లం నా చేతిలో పెట్టి, "మధ్యలో వేరే సంగతి గుర్తొస్తే తెలుగులో ఏమంటావే?" అంది.

"అన్నట్టు..."

"అదే బై ద వే. పక్కకు పోయిన మాటను మళ్లీ దారికి తేవాలంటే?"

"సరే గానీ..."

"అదే ఎనీవే."

ఎనీవే అన్నాక ఒక్క క్షణం ఆగాలట, అప్పుడు ఎదుటివాళ్లకు మాట మలుపు తిరుగుతోందని తెలుస్తుంది. మాట ముగించి లేవడానికీ అదే పనికొస్తుంది. యాక్చువల్లీని మాత్రం ప్రతి వాక్యానికీ తగిలించకూడదంది. అవతలివాళ్లు అనుకున్నది ఒకటి, నిజం ఇంకొకటి అయినప్పుడే దానికి బలం. ఊరికే వాడితే వాళ్లను సరిదిద్దుతున్నట్టు వినిపిస్తుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

చీకటి పడ్డాక నేనే ముందు లేచాను. "ఎనీవే... వీ షుడ్ గో." అక్క నా భుజం తట్టింది.