మొదటి రోజు 28

అన్న కండ్లు పచ్చబడ్డయని వదిన ఫోన్ చేసింది ఫిబ్రవరిలో. మిరప ఏరే కాలం. పరకాల దగ్గర మా ఊర్లో పసిరికలు వస్తే ముందు పోయేది పసరు పోసే ఆయన దగ్గరికే. పది రోజులు పథ్యం నడిచింది. కడుపు ఉబ్బి, పగలు నిద్ర, రాత్రి మెలకువ అయ్యాక హనుమకొండ తీసుకొచ్చాను.

మూడేళ్ల కిందట రక్తదానం చేసినప్పుడు అన్నకు హెపటైటిస్ బి అనే కాలేయ వైరస్ ఉన్నట్టు తేలింది. టెనోఫోవిర్ గోలీలు సర్కారు దవాఖానలో ఉచితంగానే దొరికేవి. పత్తి విత్తే రోజుల్లో నెలనెలా పోవడం కుదరక, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేశాడు. ఆ గోలీ వైరస్‌ను అణిచి ఉంచుతుందే తప్ప పూర్తిగా పోగొట్టదు. ఆపితే అది మళ్లీ లేస్తుంది. నేను చదువుకున్నవాణ్ణి, ఒక్కసారన్నా అడగాల్సింది.

చేరిన రాత్రి ఒక చిన్న డాక్టరు "మెల్డ్ స్కోరు 28, సీరియస్. చుట్టాలకు చెప్పుకోండి" అని వెళ్లిపోయాడు. ఇరవై ఎనిమిది అంటే ఎంతలో ఇరవై ఎనిమిదో కూడా తెలియదు నాకు. తెల్లారేదాకా ఆ అంకె పట్టుకుని వరండాలో కూర్చున్నాను.

పొద్దున లివర్ డాక్టరు మేడం రిపోర్టు వెనకాల రాసి చూపించింది. కండ్లను పచ్చబరిచే బిలిరుబిన్ 18, మామూలుగా 1 దగ్గర ఉండాలి. రక్తం గడ్డకట్టే సంగతి చెప్పే ఐఎన్ఆర్ 2.3, అది కూడా 1 దగ్గరే ఉండాలి. గడ్డకట్టించే పదార్థాలను తయారుచేసేది కాలేయమే కాబట్టి అది చాలించుకుంటే ఇది పెరుగుతుంది. క్రియాటినిన్ 1.1, అంటే కిడ్నీలు ఇంకా నిలబడ్డాయి. ఈ మూడింటి లెక్కే మెల్డ్, 6 నుంచి 40 వరకు; ఎంత పెరిగితే అంత ప్రమాదం. కాలేయ మార్పిడికి ఎవరు ముందు అన్నది తేల్చడానికి అమెరికాలో 2002లో దీన్ని వాడడం మొదలుపెట్టారట.

"మరి అన్న తికమక మాటలు ఇందులో ఎక్కడున్నయి మేడం?" అని అడిగాను. అంతకుముందే అన్న, నడిరాత్రి లేచి, కళ్లం మీద టార్పాలిన్ కప్పినవా అని అడిగాడు. మేడం నా వైపు కొంచెంసేపు చూసి, మెల్డ్‌లో అది లేదు అంది. అందుకే, పాత జబ్బున్న కాలేయం ఒక్కసారిగా చాలించుకున్న ఇలాంటి కేసుల్లో, ఏఏఆర్‌సీ అనే ఇంకో స్కోరు కూడా చూస్తారట: ఆ మూడింటితో పాటు రక్తంలో ల్యాక్టేట్, మెదడు మసకబారడం. 5 నుంచి 15. అన్నకు 10 వచ్చింది. 11 నుంచి మూడో గ్రేడు, అన్నిటికన్నా ప్రమాదమైనది.

"ఇయ్యాల్టి అంకె కన్నా నాలుగో రోజు, ఏడో రోజు అంకె నాకు ముఖ్యం. తగ్గుతుందా, పెరుగుతుందా చూద్దాం" అంది. పెరిగితే హైదరాబాదుకు, మార్పిడికి. నా కాలేయంలో ముక్క ఇస్తానన్నాను. ముందు నాకూ హెచ్‌బీఎస్ఏజీ, అంటే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే పరీక్ష, చేయించమంది; కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుకునే జబ్బు, మేమేమో ఒకే తల్లి పిల్లలం కాబట్టి. నాకు లేదు. అవ్వకు, అంటే మా తల్లికి, ఉంది. నావల్లనేనా బిడ్డా అని అవ్వ ఏడ్చిన ఏడుపు చెప్పలేను.

గోలీ మళ్లీ మొదలుపెట్టారు. మెదడు మసక తగ్గిందా చూడటానికి రోజూ మేడం అన్నను చేతులు చాపి అరచేతులు పైకెత్తమనేది; అవి టపటప కొట్టుకుంటుంటే నా గుండె కూడా అట్లే కొట్టుకునేది. నాలుగో రోజు బిలిరుబిన్ 19 దాటింది, ఐఎన్ఆర్ మాత్రం 2.2. మెల్డ్ 27. వదినకు తగ్గిందనే చెప్పాను. ఏడో రోజు బిలిరుబిన్ 14.5, ఐఎన్ఆర్ 1.9, చేతులు కదలకుండా నిలబడ్డాయి. మెల్డ్ 25, ఏఏఆర్‌సీ 7. రెండు వారాలకు రక్తంలో వైరస్ వంద వంతుల్లో ఒక వంతుకు పడింది. అది చూశాక మేడం మొదటిసారి కుర్చీ లాక్కుని తీరిగ్గా మాట్లాడింది.

ఇంటికొచ్చి మూడు నెలలైంది. రాత్రి బువ్వ తిన్నాక వదిన గోలీ చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడుతుంది. నాకు టీకా రెండు డోసులు అయినయి, మూడోది ఆరో నెలలో. ఆ రోజే అవ్వను కూడా చూపించుకొస్తా.