బాఖ్ వంశవృక్షం: ఇప్పటిదాకా ఎక్కించినవి

వంశవృక్షాలు కట్టే సాఫ్ట్‌వేర్ గ్రాంప్స్‌లో ఆరు తరాలు పడ్డాయి: జర్మనీలో తురింగియా ప్రాంతంలోని వెఖ్‌మార్‌లో స్థిరపడ్డ రొట్టెలు కాల్చే వైట్ బాఖ్ మొదలు సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పిల్లల వరకు. ఆధారం 1735లో సెబాస్టియన్ తానే రాసుకున్న వంశపట్టిక. అందులో 53 మంది, అందరికీ వరుస సంఖ్యలు. ఆడవాళ్లెవరికీ సంఖ్య లేదు, వాళ్లను చర్చి రిజిస్టర్ల నుంచే పట్టుకోవాలి. అసలు ప్రతి దొరకదు. మిగిలింది మనవరాలు ఎత్తిరాసిన నకలు, దానిమీద కొడుకు ఎమాన్యుయేల్ చేర్పులు. అందుకే ప్రతి నోట్‌లో ‘తండ్రి మాట’, ‘కొడుకు చేర్పు’ అని రెండు ట్యాగులు విడిగా పెట్టాలి.

పేరుతో వెతికితే పని చెడుతుంది. యోహాన్ క్రిస్టోఫ్‌లే ముగ్గురు అడ్డం పడతారు: ఐజెనాఖ్ ఆర్గనిస్టు (1642–1703), సెబాస్టియన్ తండ్రికి కవల సోదరుడైన ఆర్న్‌స్టాట్ ఆయన (1645–1693), ఓర్‌డ్రూఫ్‌లో ఉన్న పెద్దన్న (1671–1721). ‘యోహాన్’ ఇంట్లో చాలామందికి ఉంటుంది కాబట్టి గుర్తుగా పనికిరాదు. ఐడీని పట్టిక సంఖ్య, ఊరు, పుట్టిన ఏడు కలిపి కడితే చిక్కుండదు: 13-ఐజెనాఖ్-1642, 12-ఆర్న్‌స్టాట్-1645, 22-ఓర్‌డ్రూఫ్-1671. సెబాస్టియన్‌ది 24.

తేదీలే అసలు తలనొప్పి. జర్మనీలోని ప్రొటెస్టెంట్ రాజ్యాలు 1700 దాకా పాత జూలియన్ క్యాలెండర్‌లోనే ఉన్నాయి, అది ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్ కంటే అప్పట్లో 10 రోజులు వెనక. సెబాస్టియన్ పుట్టింది 1685 మార్చి 21, బాప్టిజం 23. జననాన్ని కొత్త లెక్కకు మార్చి మార్చి 31 అని ఎక్కించి, బాప్టిజాన్ని రిజిస్టర్‌లో ఉన్నట్టే వదిలేస్తే, బిడ్డ పుట్టకముందే బాప్టిజం అయినట్టు వస్తుంది. డేటా తనిఖీ పెట్టగానే ఇలాంటివి బయటపడతాయి. చేత్తో మార్చకుండా, తేదీ పెట్టెలో క్యాలెండర్‌ను ‘జూలియన్’ చేసి ఉన్నది ఉన్నట్టు కొట్టడమే మేలు.

1707లో డోర్న్‌హైమ్‌లో సెబాస్టియన్ పెళ్లాడిన మారియా బార్బరా కూడా బాఖే. మనవైపు ఒకే ఇంటిపేరులో సంబంధమంటే పెద్దలు ఒప్పుకోరు, అక్కడ అడ్డు కాలేదు. ఇద్దరికీ ముత్తాత ఒక్కడే, వైట్ కొడుకు హాన్స్. ఈ హాన్స్‌ను రెండుసార్లు ఎక్కిస్తే చెట్టు రెండు ముక్కలవుతుంది. ఒకే రికార్డు ఉంచి, క్రిస్టోఫ్, హైన్‌రిఖ్ అనే ఇద్దరు కొడుకులనూ దానికే కట్టాలి.

ఇంకా మిగిలింది సెబాస్టియన్ 20 మంది పిల్లల్లో చిన్నప్పుడే పోయిన 10 మంది తేదీలు, 1845లో చనిపోయిన మనవడు విల్‌హెల్మ్ ఫ్రీడ్‌రిఖ్ ఎర్న్‌స్ట్ శాఖ.