మౌంటెన్ బైక్‌కు బయటి బ్రేక్ ప్యాడ్లు వేయించిన నా అనుభవం

మౌంటెన్ బైక్ హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకుల్లో, చక్రంతో పాటు తిరిగే రోటర్ అనే ఉక్కు బిళ్లను రెండు పక్కల నుంచి నొక్కి పట్టేవి ప్యాడ్లు. వాటిలో కంపెనీవి హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో కావాలన్నప్పుడు దొరకవు. వానాకాలం మొదలయ్యే నాటికి నా సైకిల్ వెనక ప్యాడ్లు పూర్తిగా అరిగిపోగా, ముందు ప్యాడ్లలో సుమారు ఒక మిల్లీమీటరు మందం మిగిలింది. రాపిడి పదార్థం 0.5 మిల్లీమీటర్లకు తగ్గితే ప్యాడ్ మార్చాలని సైకిల్ బ్రేకులు తయారుచేసే షిమానో సంస్థే చెబుతుంది కాబట్టి వెనకవాటిని వాయిదా వేయడానికి వీల్లేదు. హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్న దుకాణదారు అవి ఎప్పటికి వస్తాయో చెప్పలేకపోయాడు. ఈలోగా మన దగ్గర ‘లోకల్ మాల్’ అని పిలిచే బయటి తయారీ ప్యాడ్లు వేయవచ్చా, వేస్తే ఏ చక్రానికి వేయాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది నేను తేల్చుకోవలసి వచ్చింది.

దుకాణదారు ముందుగా చూపించినవి మెటల్ ప్యాడ్లు. “ఇవి ఏస్కో అన్నా, రెండేండ్ల దాకా మల్ల సూసుడే ఉండదు” అన్నాడు. అతను చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. లోహపు పొడిని వేడితో ముద్దకట్టించి చేసే ఈ ప్యాడ్లు బురదలో, వేడిలో రెజిన్ (రాపిడి పొడిని జిగురుతో కలిపి చేసే) ప్యాడ్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. అయితే నా సైకిల్ రోటర్ మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని స్పష్టంగా చెక్కి ఉంది. అటువంటి రోటర్‌ను మెటల్ ప్యాడ్ త్వరగా అరగదీస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు 1.8 మిల్లీమీటర్లు ఉండే షిమానో రోటర్‌ను 1.5కు తగ్గితే మార్చాలి. నాది వెర్నియర్‌ (సన్నని మందాలు కొలిచే సాధనం)తో కొలిస్తే 1.7 వచ్చింది. ప్యాడ్ల మీద మిగిల్చిన డబ్బును రోటర్ మీద పోగొట్టుకోవడం నాకు లాభసాటిగా కనిపించలేదు.

రెజిన్ ప్యాడ్లలో రెండు రకాల ప్యాకెట్లు ఉన్నాయి. ఒకదాని మీద తయారీదారు పేరు గాని, చిరునామా గాని, తయారైన నెల గాని, ధర గాని లేవు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ల మీద ఈ వివరాలు ఉండి తీరాలి. వివరాలు అచ్చువేసినంత మాత్రాన సరుకు మంచిదని కాదు, కాని వస్తువు విఫలమైతే ఎవరిని అడగాలో కూడా తెలియని ప్యాడ్‌ను బ్రేకులో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. రెండో రకానికి పేరు, బ్యాచ్ నంబరు అన్నీ ఉన్నాయి. దాన్నే విప్పమన్నాను.

బయటి ప్యాడ్లంటే చాలామంది భయపడేది పట్టు సరిగా ఉండదేమోనని. పట్టు తక్కువైతే ఆ సంగతి మొదటి వీధిలోనే లివర్ (చేతితో నొక్కే బ్రేకు పిడి) చెప్పేస్తుంది, జాగ్రత్త పడవచ్చు. నా భయం వేరు. రాపిడి పదార్థాన్ని ఉక్కు రేకుకు అతికిస్తారు. బ్రేకు వేసిన ప్రతిసారీ తిరుగుతున్న రోటర్ ఆ పదార్థాన్ని రేకు మీది నుంచి పక్కకు లాగుతుంది. ఆ అతుకు వేడికి వదిలితే పదార్థం పెచ్చుగా ఊడి, ఉక్కు రేకు నేరుగా రోటర్‌కు రాసుకుంటుంది. ఇది నెమ్మదిగా తెలిసివచ్చే లోపం కాదు, ఎక్కువ వేడి పుట్టే వాలులోనే బయటపడే లోపం. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోల బరువు 50 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 44,000 జౌళ్ల శక్తి విడుదలవుతుంది, అంటే ఒక చాయ్ గ్లాసు నీళ్లను మరుగు పట్టించేంత. వేగం పెరగకుండా దిగినప్పుడు అందులో ఎక్కువ భాగం ఆ రెండు పలుచని రోటర్లు, నాలుగు చిన్న ప్యాడ్లే మోయాలి.

అందుకని ఫోన్ టార్చి వెలుతురులో ప్రతి ప్యాడ్ అంచునూ నాలుగు వైపులా తిప్పి చూశాను. మొదటి జతలో ఒకదాని మూలన పదార్థానికీ రేకుకూ మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. బిల్లు కాగితం అంచును అందులో పెడితే కొంచెం లోపలికి వెళ్లింది. “గది గట్లనే ఉంటదన్నా, వేడైతే అతుక్కుంటది” అని దుకాణదారు ధైర్యం చెప్పాడు. వేడికి ఆ అతుకు మరింత బలహీనపడుతుందే గాని బలపడదు. అదే జతలో రెండు ప్యాడ్ల మందానికీ 0.4 మిల్లీమీటర్ల తేడా కూడా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి మరో జత విప్పించాను. అందులో అంచులు కలిసే ఉన్నాయి, మందాలు సమానంగా ఉన్నాయి, రేకు అంచున మాత్రం అచ్చులో మిగిలిన చిన్న గరుకు ఉంది. ఆ గరుకు క్యాలిపర్‌లో (ప్యాడ్లను పట్టి ఉంచే బ్రేకు భాగంలో) తట్టుకుంటే ప్యాడ్ వెనక్కి రాకుండా రోటర్‌కు రాసుకుంటూ ఉంటుంది కనుక ఇంటికి వచ్చి సన్నని ఆకురాయితో తీశాను.

ఆ జతను వెనక చక్రానికే వేశాను. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది, బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనకది చేతులెత్తేసినా ఆగవచ్చు గాని, వాలులో ముందుది పోతే దిక్కు లేదు. ఇంకా పరీక్షకు నిలవని వస్తువుకు వెనక చక్రమే తగిన చోటు అని నా అభిప్రాయం.

బిగించడంలో కష్టమేమీ లేదు. పాత ప్యాడ్లు లోపల ఉండగానే టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్ల (టైర్ లివర్)తో ప్యాడ్లను నెట్టే పిస్టన్లను వెనక్కి నెట్టి, కొత్తవాటిని స్ప్రింగుతో సహా పెట్టి, పిన్ను దూర్చి చివర వంచాను. స్ప్రింగు కాలు రోటర్‌కు తగలడం లేదని చక్రం తిప్పి చూశాను. మొబైల్ రిపేరు చేసేవారు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రోటర్ తుడిచాను. నూనె చేతితో ముట్టుకున్న రెజిన్ ప్యాడ్‌ను బాగుచేయడం దాదాపు అసాధ్యం.

కొత్త ప్యాడ్ పదార్థం రోటర్ మీద పలుచని పొరగా పరుచుకుంటే తప్ప పూర్తి పట్టు రాదు. దీన్ని బెడ్డింగ్ అంటారు. ఓ మోస్తరు వేగం అందుకోవడం, చక్రం జామ్ కాకుండా నడక వేగానికి తగ్గించడం, పూర్తిగా ఆగకముందే లివర్ వదలడం, ఇలా 20 సార్ల దాకా చేయాలని తయారీదారులు చెబుతారు. నేను తెల్లవారుజామున కాకతీయ విశ్వవిద్యాలయం వైపు ఖాళీ రోడ్డు మీద చేశాను. మొదట్లో లివర్ ఎంత నొక్కినా జారుతున్నట్టుండి, చివరికి రెండు వేళ్లతోనే చక్రం నిలిచింది.

ఆ తర్వాత మడికొండ మెట్టుగుట్ట వాలులో ముందు బ్రేకు సిద్ధంగా ఉంచుకుని వెనకదాన్ని కావాలనే ఎక్కువ వాడుతూ దిగాను. కింద ఆగేసరికి కాలిన వాసన వచ్చింది, పట్టు కొంచెం మెత్తబడింది. కాసేపు చల్లారాక మళ్లీ మామూలైంది. రెజిన్ ప్యాడ్‌కు అంత మాత్రం సహజమే. నాకు కావలసిన సమాధానం ఇంటికి వచ్చి ప్యాడ్లు బయటికి తీసి, అదే టార్చి వెలుతురులో అంచులు చూసినప్పుడు దొరికింది. ఎక్కడా సందు పడలేదు, పదార్థం నెరియలేదు, ముఖం అద్దంలా మెరవలేదు.

అరుగుదల విషయంలో మాత్రం తేడా ఉంది. నర్సంపేట దాటి పాకాల వైపు తడిసిన మొరం బాటల్లో తిరిగినప్పుడు ఆ ఎర్ర ఇసుక నీళ్లు బయటి ప్యాడ్‌ను కంపెనీదాని కంటే స్పష్టంగా త్వరగా తినేశాయి. దీన్ని నేను ప్రమాదంగా కాక ఖర్చుగా లెక్కపెడతాను, వానల్లో కొలిచే గడువు తగ్గించుకుంటే సరిపోతుంది. హైదరాబాద్ నుంచి కంపెనీ జత వచ్చాక దాన్ని ముందు చక్రానికి వేశాను. వెనకకు అదే బ్యాచ్ బయటి ప్యాడ్లు ఇంకో జత కావాలని వెళ్లినప్పుడు, నేను అడగకముందే దుకాణదారు డబ్బా, టార్చి రెండూ బల్ల మీద పెట్టాడు.