అయోవా కాకస్ రాత్రి: గదిలో మిగిలినవాళ్ళే డెలిగేట్లు

షికాగో నుంచి అయోవా రాజధాని డి మోయిన్‌కి సుమారు 330 మైళ్ళు. ఇంటర్‌స్టేట్ 80 ఎక్కితే అయిదు గంటల పైన పడుతుంది. మిసిసిపీ దాటగానే అయోవా. వాల్కాట్ దగ్గర, ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకునే ట్రక్కుల మజిలీ ఒకటి ఉంది. అక్కడ కాఫీ తాగి కదిలితే ఇక రెండు పక్కలా కోత అయిపోయిన మొక్కజొన్న చేలే. అది 2020 ఫిబ్రవరి 3, సోమవారం. ఆ రాత్రి ఏడింటికి రాష్ట్రంలోని 99 కౌంటీల్లో, 1,678 ప్రెసింక్టుల్లో డెమొక్రాట్ల కాకస్‌లు. కాకసంటే అధ్యక్ష అభ్యర్థి ఎవరో తేల్చడానికి పార్టీవాళ్ళు ఒక గదిలో కూడే సభ, అక్కడ ఎన్నికై పై సభకి వెళ్ళే ప్రతినిధి డెలిగేటు. ప్రెసింక్టంటే మన పోలింగ్ బూత్ పరిధిలాంటిదే అనుకోవచ్చు.

ఆ వారమంతా టీవీలు ఎవరు గెలుస్తారన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి. నేను చూడ్డానికి వెళ్ళింది వేరే సంగతి. మన దగ్గర బీ-ఫారం పైనుంచి దిగుతుంది. ఇక్కడ అభ్యర్థిని ఖాయం చేసే జాతీయ మహాసభకి వెళ్ళే మనిషి, నియమాల ప్రకారం, బడి భోజనశాలలోని ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నాలుగు మెట్లెక్కి వెళ్ళాలి. ఆ మొదటి మెట్టు ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

పాల్గొనాలంటే ఓటరై ఉండాలి, అంటే అమెరికా పౌరసత్వం కావాలి. హెచ్1బీ వాళ్ళకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ ప్రవేశం పరిశీలకులుగానే. విడిగా పేరు రాయించుకుని ఓ పక్కన కూర్చోవాలి, ఏ గుంపు దగ్గరా నిలబడకూడదు. పౌరులకి మాత్రం షరతులు తక్కువ. ఆ ప్రెసింక్టులో నివాసం, ఆ పార్టీలో నమోదు ఉంటే చాలు. నమోదు లేకపోతే గుమ్మం దగ్గరే ఫారం నింపొచ్చు, వేరే పార్టీ నుంచి అక్కడికక్కడే మారొచ్చు. నవంబరు ఎన్నిక నాటికి 18 నిండుతాయనుకుంటే 17 ఏళ్ళ పిల్లలూ రావచ్చు. ఏడింటికల్లా వరుసలో ఉన్నవాళ్ళందరినీ లోపలికి తీసుకోవాలి. అప్పట్లో పోస్టల్ ఓటు లేదు. రాత్రి డ్యూటీ వాళ్ళకీ దూరాన ఉన్నవాళ్ళకీ ఆ ఏడాది 87 ఉపకేంద్రాలు పెట్టారు, వాటిలో ప్యారిస్, గ్లాస్గో, టిబిలిసి కూడా ఉన్నాయి.

ఆరున్నరకే వరుస వరండా దాటిపోయింది. మొదటి తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. ఒకే బడిలో రెండు మూడు ప్రెసింక్టులు జరుగుతుంటాయి. తమ ప్రెసింక్టు నంబరు తెలియకుండా వచ్చినవాళ్ళు ఒక వరుసలో అరగంట నిలబడి, బల్ల దాకా వచ్చాక, పక్క వరుసలోకి పోవాల్సి వస్తుంది. నంబరు ముందే చూసుకున్నవాళ్ళు హాయిగా లోపలికెళ్ళి గోడ పక్క చోటు పట్టేశారు.

బల్ల దగ్గర ఒక్కొక్కరికీ ఒక ప్రిఫరెన్స్ కార్డు ఇస్తారు. ఒక వైపు మొదటి ఎంపిక, రెండో వైపు చివరి ఎంపిక, సంతకం. ఈ కార్డులు 2020లోనే కొత్తగా వచ్చాయి. అంతకుముందు తలలు లెక్కపెట్టడమే, తర్వాత సరిచూసుకోవడానికి కాగితం ముక్క ఉండేది కాదు.

సభ మొదలయ్యాక తాత్కాలిక అధ్యక్షుల స్థానంలో శాశ్వత ఛైర్‌నీ కార్యదర్శినీ ఎన్నుకుంటారు. సాధారణంగా తాత్కాలికులే శాశ్వతులైపోతారు. తర్వాత హాజరు లెక్క. రాత్రంతటికీ ప్రాణం ఈ అంకె. ఆఖరిదాకా ప్రతి భాగహారానికీ కింద ఉండేది ఇదే. పిల్లల్నో పరిశీలకుల్నో కలిపేసినా, మరుగుదొడ్డికి వెళ్ళినవాళ్ళని వదిలేసినా, ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. అనుభవమున్న ఛైర్లు తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, రెండుసార్లు లెక్కించి, సంతకాల జాబితాతో పోల్చి, అప్పుడు గానీ అంకె పైకి చదవరు.

బయటివాళ్ళకి అంత తొందరగా తట్టని సంగతి ఒకటి: ఆ ప్రెసింక్టుకి ఎంతమంది డెలిగేట్లన్నది ముందే ఖరారై ఉంటుంది. కిందటి అధ్యక్ష, గవర్నరు ఎన్నికల్లో అక్కడ పార్టీకి పడ్డ ఓట్లను బట్టి కౌంటీ పార్టీ కేటాయిస్తుంది. ఆ రాత్రి వందమంది వచ్చినా మూడొందల మంది వచ్చినా డెలిగేట్లు అంతే. కాబట్టి ఒక అభ్యర్థి బలమంతా ఒకే ప్రెసింక్టులో, ఉదాహరణకి ఏ విశ్వవిద్యాలయం పక్కనో, పోగుపడితే అందులో చాలా భాగం వృథా అయినట్టే.

ఇక గుంపులు కట్టడం. నాలుగు అంతకంటే ఎక్కువ డెలిగేట్లున్న చోట హాజరులో 15 శాతం ఉంటేనే గుంపు నిలుస్తుంది. వాళ్ళ మాటలో 'వయబుల్'. భిన్నం వస్తే ఎప్పుడూ పైకే సవరిస్తారు. మూడు డెలిగేట్లున్న చోట ఆరో వంతు, రెండున్న చోట 25 శాతం కావాలి. నిలిచిన గుంపులోనివాళ్ళు ఇక కదలడానికి లేదు. నిలవని గుంపులకే రెండో అవకాశం: నిలిచిన గుంపులోకి పోవచ్చు, నిలవనివి కొన్ని కలిసి ఒకటి కావచ్చు, ఎవరివైపూ కాదని నిలబడొచ్చు, ఇంటికీ పోవచ్చు. ఈ పావుగంట అచ్చంగా మన నాలుగు స్తంభాలాట. ఈ మూల నుంచి 'ఇటు రండి, ఇటు రండి' అని పిలుపులు, ఆ మూల నుంచి బిస్కెట్ పళ్ళెం ఊపడం.

లెక్క అర్థం కావాలంటే ఊహా అంకెలతో ఒకసారి చేసి చూడాలి. నేను కూర్చున్న గది అంకెలు కావివి, దారిలో నోటు పుస్తకంలో వేసుకున్న నమూనా. హాజరు 187, డెలిగేట్లు 8. 187లో 15 శాతం 28.05, అంటే 29 మంది కావాలి. మొదటి విడతలో అభ్యర్థుల గుంపులు: క 56, చ 49, ట 34, త 25, ప 17, య 6. క, చ, ట నిలిచాయి. త-కి ఇంకో నలుగురు కావాలి. రెండో విడతలో ప నుంచి అయిదుగురు త-లోకి, తొమ్మిది మంది చ-లోకి వెళ్ళారు, ముగ్గురు విసిగి ఇంటికి పోయారు. య నుంచి అయిదుగురు క-లోకి, ఒక్కరు ట-లోకి వెళ్ళారు. చివరికి క 61, చ 58, ట 35, త 30.

సూత్రం: గుంపు సంఖ్యని డెలిగేట్ల సంఖ్యతో గుణించి మొత్తం హాజరుతో భాగించాలి. వెళ్ళిపోయిన ముగ్గుర్నీ తీసేయకూడదు, భాగించేది 187తోనే. క 2.61, చ 2.481, ట 1.497, త 1.283. సగానికి పైనుంటే పైకి, తక్కువుంటే కిందికి: 3, 2, 1, 1. మొత్తం ఏడే వచ్చింది. మిగిలిన ఎనిమిదో డెలిగేటు, కిందికి సవరించిన భిన్నాల్లో పెద్దది ఎవరిదైతే వాళ్ళకి. ట-ది .497, చ-ది .481. ట-కి వెళ్ళింది.

ఇక్కడ ఆగి చూడండి. య నుంచి ట-లోకి నడిచిన ఆ ఒక్క మనిషి లేకపోతే ట భిన్నం .455 అయ్యేది, డెలిగేటు చ-కి పోయేది. ఇంటికెళ్ళిన ఆ ముగ్గురూ చ వైపు నిలబడి ఉంటే చ-కి 2.61 వచ్చి, మూడో డెలిగేటు నేరుగా దక్కేది, మిగులు గొడవే ఉండేది కాదు. మొత్తం ఎక్కువైతే దీనికి తిరగేసి, పైకి సవరించిన భిన్నాల్లో చిన్నదానికి ఒకటి తగ్గిస్తారు. అయితే ఉన్న ఒక్క డెలిగేటునీ ఎవరి నుంచీ లాక్కోరు. భిన్నాలు సమానమైతే నాణెం ఎగరేస్తారు. బొమ్మా బొరుసా తేల్చడం వెటకారంగా చెప్పుకునే కథ కాదు, రాసిపెట్టిన నిబంధనే.

ఈ లెక్క అయ్యేసరికి ఎనిమిదిన్నర. నిలిచిన గుంపులోనివాళ్ళు కార్డు ఇచ్చేసి వెళ్ళిపోవచ్చు, వాళ్ళ లెక్క చెక్కుచెదరదు. అందుకే గది ఒక్కసారిగా పలచబడింది. టీవీ కెమెరాలూ సర్దుకున్నాయి. కానీ డెలిగేట్ల ఎన్నిక మొదలయ్యేది అప్పుడే. క గుంపుకి మూడు వచ్చాయంటే, ఆ ముగ్గురు ఎవరన్నది క గుంపే తేల్చుకోవాలి. ఉపన్యాసాలు లేవు. 'ఎవరికి ఆసక్తి?' అని గుంపు నాయకుడు అడుగుతాడు. ఆసక్తి ఉన్నవాళ్ళు చెయ్యెత్తుతారు. చోట్ల కంటే చేతులు ఎక్కువైతే తలా అరనిమిషం మాట్లాడతారు, ఓటు వేస్తారు. చాలా గదుల్లో ఆ అవసరమే రాదు. చేతులు తక్కువై, నాయకుడే పేరుపేరునా బతిమాలుతుంటాడు.

డెలిగేటు కావాలనుకునేవాళ్ళు చేయాల్సింది నాలుగే పనులు. ముందే గుంపు నాయకుడికి చెప్పి ఉంచడం, కార్డు ఇచ్చాక ఆగడం, కౌంటీ సభ జరిగే శనివారం ఖాళీ ఉంచుకోవడం, ఫారంలో చిరునామా, ఫోను, ఈమెయిలు అర్థమయ్యేలా రాయడం. నాలుగోది చిన్న విషయంలా కనిపిస్తుంది. గొలుసుకట్టు రాతలో రాసిన ఈమెయిలుకి పిలుపు ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు. డెలిగేటు చోటు దొరక్కపోతే ఆల్టర్నేట్‌గా పేరిచ్చుకోవడం తెలివైన పని. కౌంటీ సభలో నమోదు గడువు దాటాక రాని డెలిగేట్ల చోట్లో ఆల్టర్నేట్లని కూర్చోబెడతారు, రానివాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

దీని తర్వాత ఇంకా రెండు పనులుంటాయి. కౌంటీ కేంద్ర కమిటీకి ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకోవాలి, పార్టీ విధానపత్రానికి తీర్మానాలు ప్రతిపాదించాలి. పార్టీలో నిలదొక్కుకోవాలనుకునేవాళ్ళకి కేంద్ర కమిటీ సభ్యత్వమే అసలు మెట్టని నాకనిపిస్తుంది. డెలిగేటు పదవి ఒక్క సభతో అయిపోవచ్చు, కమిటీ చోటు ఆ తర్వాతా నడుస్తుంది.

ఆ రాత్రి బసకి చేరి టీవీ పెడితే ఒక్క ఫలితమూ లేదు. లెక్కలు పంపడానికి పెట్టిన యాప్ చాలామంది ఛైర్లకి తెరుచుకోలేదు. ఫోన్ చేద్దామంటే లైన్లు కిక్కిరిశాయి. యాప్ పంపిన లెక్కల్లోనే కొన్ని భాగాలు రాలిపోయాయి. ఆదుకున్నవి కాగితాలే: కార్డులు, ఛైర్లు చేతితో నింపిన లెక్కల పత్రాలు. ఆ పత్రాల్లోనూ గుణకారం, సవరణల తప్పులు బయటపడి, పూర్తి లెక్క తేలడానికి రోజులు పట్టింది. అభ్యర్థుల్లో శాండర్స్ మొదటి విడత ఓట్లలో సుమారు 6 వేలు ముందున్నారు. రాష్ట్రస్థాయి డెలిగేట్ల లెక్కకి మారిస్తే బూటిజెజ్ వెంట్రుకవాసి ముందుకొచ్చారు. జాతీయ డెలిగేట్లు బూటిజెజ్‌కి 14, శాండర్స్‌కి 12, వారెన్‌కి 8, బైడెన్‌కి 6, క్లోబుచార్‌కి 1. పైన చెప్పిన ముందే ఖరారైన కేటాయింపు, భిన్నాల సవరణ కలిసి చేసిన పనిది.

ప్రెసింక్టు డెలిగేటు వెళ్ళేది కౌంటీ సభకి. అక్కడ కొందరు జిల్లా, రాష్ట్ర సభలకి ఎన్నికవుతారు. ఇక్కడ జిల్లా అంటే కాంగ్రెస్ నియోజకవర్గం, అయోవాలో అవి నాలుగు. ఆ ఏడాది జాతీయ మహాసభకి వెళ్ళాల్సిన 41 మందిలో 27 మంది జిల్లాల లెక్కలోంచి, 9 మంది రాష్ట్రవ్యాప్త కోటాలోంచి, 5 చోట్లు పార్టీ నాయకులకీ పదవుల్లో ఉన్నవాళ్ళకీ. స్త్రీ పురుషుల సంఖ్య సమానంగా ఉండాలన్న నియమం కూడా ఉంది. పై మెట్టెక్కేకొద్దీ పోటీ పెరుగుతుంది, పరిచయాలు పనిచేస్తాయి. మొదటి మెట్టు మీద మాత్రం రావడం, ఉండడం చాలు. నెవాడాలో 2016లో దీనికి రుజువు దొరికింది. ఫిబ్రవరి కాకస్‌లో హిల్లరీ క్లింటన్ గెలిచారు. ఏప్రిల్లో లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీ సభకి మాత్రం శాండర్స్ మనుషులు 2,964 మంది, క్లింటన్ మనుషులు 2,386 మంది తేలారు.

మళ్ళీ ఆ దారి పట్టింది 2024 జనవరి 15న, రిపబ్లికన్ల కాకస్‌కి. సున్నాకి దిగువన 20 సెల్సియస్ దగ్గర చలి. రోడ్డు పక్క మంచులో కూరుకున్న ట్రక్కులు. డి మోయిన్‌కి ఉత్తరంగా మ్యాడ్రిడ్ అనే చిన్న ఊళ్ళో హిందూ దేవాలయం ఉంది. పేరు స్పెయిన్‌దే అయినా ఇక్కడ మొదటి అక్షరం నొక్కి పలుకుతారు. ఆ చలిలో అటు వెళ్ళే సాహసం చెయ్యలేదు.

రిపబ్లికన్ల పద్ధతి సులువు. గుంపులు లేవు, 15 శాతం లేదు. ఒక్కో అభ్యర్థి తరపున ఒకరు మాట్లాడతారు, తెల్ల కాగితం ముక్క మీద పేరు రాసి ఇస్తారు, అందరి ముందూ లెక్కిస్తారు. ట్రంప్‌కి 51 శాతం, డిశాంటిస్‌కి 21, హేలీకి 19. విశ్వవిద్యాలయం ఉన్న జాన్సన్ కౌంటీలో మాత్రం హేలీ ఒక్క ఓటుతో గెలిచారు. ఓటు అయ్యాక కౌంటీ డెలిగేట్లని విడిగా ఎన్నుకుంటారు, ఆ ఎన్నికకీ కాగితాల మీది ఓట్లకీ ముడి లేదు. 2012లో ఈ సందులోంచే, అభ్యర్థుల్లో ఒకరైన రాన్ పాల్ మనుషులు దూరారు. ఆ రాత్రి రామ్నీ 8 ఓట్లతో గెలిచారన్నారు, తర్వాత శాంటోరం 34 ఓట్లతో ముందున్నట్టు తేలింది. పాల్ మూడో స్థానం. అయితే ఆయన మనుషులు ప్రతి గదిలోనూ ఆఖరిదాకా కూర్చుని డెలిగేట్లయ్యారు, కౌంటీకీ జిల్లాకీ రాష్ట్రానికీ అదే ఓపికతో వెళ్ళారు. చివరికి టాంపాలో జరిగిన జాతీయ మహాసభలో అయోవా 28 ఓట్లలో 22 పాల్‌కి పడ్డాయి. 2016 నుంచి రాష్ట్రవ్యాప్త ఓట్ల నిష్పత్తికి డెలిగేట్లని కట్టేశారు కాబట్టి ఇప్పుడు అలా ఫలితాన్ని మార్చలేరు. డెలిగేటు అయ్యే దారి మాత్రం మూసుకుపోలేదు.

డెమొక్రాట్లు 2024లో అధ్యక్ష ఎంపికని పోస్టులో పంపే ప్రిఫరెన్స్ కార్డులకి మార్చి, ఫలితం మార్చి 5న చెప్పారు. జనవరి 15న వాళ్ళూ కలిశారు, కౌంటీ డెలిగేట్ల కోసమే. కాకస్‌లు ప్రతి సరి సంవత్సరంలోనూ జరుగుతాయి. అధ్యక్ష ఎన్నిక లేని ఏడాదిలో కెమెరాలుండవు, జనమూ పలచగానే ఉంటారు. డెలిగేటు కావాలనుకునే కొత్తవాళ్ళకి అదే మంచి ముహూర్తం.

నేను కూర్చున్న గదిలో ఫలితం చదివిన పది నిమిషాలకి కోట్లు, టోపీలు, చేతితొడుగులు తగిలించుకోవడం అయిపోయింది. ఛైర్ చేతిలోని డెలిగేట్ల కాగితం మీద సగం గీతలు ఇంకా ఖాళీయే. తలుపు దాకా వెళ్ళిన ఒక జంటని ఆమె వెనక్కి పిలిచింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కోట్లు విప్పకుండానే సంతకాలు పెట్టారు.